సగం గోళీల మామ

చదువులో ఏ కోర్సూ పూర్తి చేయనివాణ్ణి, మందుల కోర్సు పూర్తి చేస్తానా? జ్వరం తగ్గగానే ఆపేసేవాణ్ణి. ఆ తెలివి నేర్పింది సత్తుపల్లి బొగ్గుగనిలో ఫిట్టరు, మా పక్క క్వార్టర్ మామ. దవాఖానాలో ఐదు రోజులకిచ్చిన యాంటీబయాటిక్ గోళీలు రెండు రోజులు మింగి, మిగతావి అంగీ జేబులో దాచేవాడు. ఎవరు దగ్గినా ఆ జేబు తడుముకునేవాడు.

“ఏందిరా అల్లుడా, గొంతు గిట్లయింది? రెండేస్కో, జల్దీ తగ్గుతది.”

వేసుకునేవాణ్ణి. ఎంత మంచివాడో అని మురిసేవాణ్ణి కూడా.

పోయిన వానాకాలం ఇనుపరేకు గీసుకుని ఆయన కాలు చీము పట్టింది. ఖమ్మం పెద్ద దవాఖానాలో ఏ మందూ పనిచేయలేదు. “ఈ క్రిములు అన్ని మందులకూ రాటుదేలాయి,” అంది డాక్టరమ్మ. అప్పుడే పక్క మంచమాయన దగ్గాడు. మామ చెయ్యి, దవాఖానా చొక్కాకు లేని జేబు కోసం వెతికింది. నాలుగో రోజు మామ పోయాడు.

పెద్దకర్మకు బూర్గంపాడు నుంచి వచ్చిన ఆయన తమ్ముడు ముక్కు చీదుతూ అడిగాడు: “అన్న గోళీలు ఏమన్న మిగిలినయా?”

ఆయన్ని బండెక్కించి డాక్టరు ముందు కూర్చోబెట్టాను. ఉత్త జలుబే, యాంటీబయాటిక్ అక్కర్లేదని పంపేశారు. మామ మంచితనం మీద నేను తీర్చుకున్న పగ అంతే.

తమ్ముడు దారంతా తిట్టాడు. “మా అన్నుంటే రెండు గోళీలన్న ఇచ్చేటోడు!”