గంగాభవాని శనివారం భోజనం

తాడేపల్లిగూడెంలో గుమాస్తాగా చేసే గంగాభవాని పోయినేడు ఏలూరు హాఫ్ మారథాన్‌లో పదహారో కిలోమీటరు దగ్గర కూలబడింది. యాభై నిండేలోగా ముగింపు గీత దాటి తీరాలని, ఈసారి కూతురు లాస్య చూపిన శిక్షణ ప్రణాళికలను పెళ్లి సంబంధాలు చూసినంత శ్రద్ధగా పరిశీలించింది. ప్రతిదాంట్లోనూ ఆదివారం దూరపు పరుగు, శనివారం రాత్రి నిండు భోజనం.

“శనివారం నాకు ఒంటిపూట కదే. ఇంకోటి చూడు.”

“పోయినేడూ పస్తుండే పరిగెత్తావా? బాగుందమ్మా, స్వామివారే ఎత్తుకెళ్తారనుకున్నావేంటి!”

భవానికి కొల్లేరు గట్టు గుర్తొచ్చింది. చేపలచెరువు దగ్గరున్న నాన్నకు చారు చల్లారకముందే అందించాలని సాయంత్రాలు క్యారేజీతో పరిగెత్తేది. శనివారమైనా సరే, ఆయన తొలి ముద్ద ఆమెకే పెట్టేవారు.

“ఇంత దూరం పరిగెత్తొచ్చి ఒంటిపూటేంటమ్మా, తిను” అనేవారు.

“మొదటిదే ఖాయం చెయ్యవే,” అంది భవాని. “స్వామితో నేను మాట్లాడుకుంటాను.”