అరువు నోరు వద్దన్న మార్తమ్మత్త

వానాకాలంలో మైకు మీది స్పాంజి ఒక వాసన వేస్తుంది. తడిసి సరిగా ఆరని గొంగళి వాసన. ఈ ఉదయం హైదరాబాదు స్టూడియోలో మైకు దగ్గరకు లాక్కోగానే అది ముక్కుకు తగిలింది. కుర్చీలో కూర్చున్నచోటు నుంచే మార్కాపురం వెళ్ళిపోయాను, మార్తమ్మత్త దగ్గరికి.

మాకూ ఆమెకూ చుట్టరికం ఏమీ లేదు. మాది సేద్యం చేసుకునే ఇల్లు, వాళ్ళది చర్చి పక్క ఇల్లు. మా వైపు వరస కలపకుండా ఎవరూ ఎవరినీ పిలవరు కాబట్టి ఆమె అత్త, నేను కోడలిని. బట్టల దుకాణం వాళ్ళ ఆటోలో మైకు పట్టుకొని ఊరూరా తిరిగిన గొంతు ఆమెది. ఆ గొంతునే మా ఊరి చిన్న రేడియో పిలిచి పనిలో పెట్టుకుంది. అక్కడ ఆమె మొదలుపెట్టిన కార్యక్రమం పేరు ‘రాతి పాట’. రాక్ సంగీతం వాయించేవాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ బతుకూ పాటా వాళ్ళ నోటనే చెప్పించడం. రాతి పలకలు కోసే ఊళ్ళో ఇలాంటి పేరు పెడితే ఊరుకుంటారా? మొదటి వారమే పలకల షెడ్డు నుంచి ఒకాయన ఫోను చేశాడు.

“ఏంది మార్తమ్మా, మా రాళ్ళ మీద పాటనుకుంటి. ఇదేంది ఇట్ల గోలగోలగా ఉంది?”

“నీ రాయి నువ్వు కొట్టు నాయనా, వాళ్ళ రాయి వాళ్ళు కొడతారు. చెవులు ఇద్దరికీ పోతాయిలే,” అన్నది అత్త.

కాలేజీ ఉత్సవాలకు వచ్చే బ్యాండ్లను ఆమె వదిలేది కాదు. గిద్దలూరులో రైలు దిగగానే బండి ఎక్కించుకొని, కంభంలో ఆపి దోసెలు పెట్టించి, వాళ్ళు తింటుండగానే సగం ముచ్చట రాబట్టేది. “కడుపుకు పెట్టకుండా పాట సంగతి అడిగితే పేపర్లో వచ్చిందే చెప్తారు కోడలా,” అనేది.

నేను ఆ రేడియోలోనే పాటలు పెట్టే పనిలో ఉండేదాన్ని. నాకు మాత్రం మైకు కావాలి. వంటింట్లో గరిటె పట్టుకొని కూడా లేని బ్యాండ్లను ప్రశ్నలు అడిగేదాన్ని. అడ్డమల్లా నా నోరే. నా నోట ‘వచ్చినాడు, పోయినాడు’ వినబడితే చాలు, స్టేషను మేనేజరు మొహం చిట్లించేవాడు. కోస్తావాళ్ళకు నేను సీమ మనిషిని, సీమవాళ్ళకు కోస్తా మనిషిని. రెంటికీ చెడ్డ రేవడినన్నమాట. చివరకు అత్త పోరు పడలేక ఆయన ఒక్క అవకాశం ఇచ్చాడు, ఒక డ్రమ్మరుతో లైవులో ముచ్చట. బాగుంటే మైకు నాది. లేకుంటే మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు.

ఆ వారమంతా అద్దం ముందు నిలబడి ‘రండి, చెప్పండి, ఎలా వచ్చారండీ’ అంటూ సాధన చేశాను. లైవులోనూ అలాగే మొదలుపెట్టాను. ఆ డ్రమ్మరు చంద్రశేఖరపురం వైపు పల్లెలో పుట్టి చెన్నైలో పేరు తెచ్చుకున్నవాడు. అన్ని స్టేషన్లలో చెప్పే జవాబులే నాకూ అప్పజెప్పాడు. చెన్నైలో నేర్చుకున్నాడట, విదేశీ రికార్డులు విన్నాడట. ఇద్దరం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టే ఉన్నాం. మైకు చేజారిపోయిందనే అనుకున్నాను.

గాజు పలక అవతల నుంచి అత్త గొంతు నా హెడ్‌ఫోనులోకి వచ్చింది. “అరువు నోరు తీసి అవతల పెట్టు కోడలా. ఇంట్లో ఎట్ల మాట్లాడుతావో అట్ల అడుగు.”

ఇక పోయేదేముందన్న తెగింపు వచ్చింది. “అదంతా సరేలే అన్నా,” అన్నాను. “చిన్నప్పుడు నువ్వు దేని మీద కొట్టినావు? ఎవరు తిట్టినారు?”

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. “పాస్టరుగారు తిట్టినాడు పాపా,” అన్నాడు. మాటే మారిపోయింది. “చర్చిలో డోలక్ నాకిచ్చినారు. పాట మెల్లగా పోతాంటే నా చేతులు ఆగవు. డబల్ కొట్టేసినా. పాడేవాళ్ళంతా ఆగిపోయినారు. మా అవ్వ ఒక్కతే ఆగలే. నా దెబ్బకు చప్పట్లు కొడతానే ఉంది. నేనూ మా అవ్వా, అదే మా మొదటి బ్యాండు.”

“ఏదీ, ఆ దెబ్బ ఇప్పుడు కొట్టన్నా.”

బల్ల మీద కొట్టాడు. నేను చప్పట్లు అందుకున్నాను. అత్త తలుపు తోసుకొని వచ్చి నా పక్కన నిలబడి తనూ కలిసింది. లైవులో ఉన్నామన్న సంగతి ముగ్గురికీ పట్టలేదు. ఆ తర్వాత మొదలైన ఫోన్లు సాయంత్రం దాకా ఆగలేదు.

మేనేజరు వచ్చి, “బాగానే ఉంది కానీ, ఆ భాష...” అని నసిగాడు.

“భాషకేమయింది సారూ? ఆయన నోరు తెరిపించింది అదే కదా,” అన్నది అత్త. మైకు నాదైంది. ఇంటికి పోతూ దారిలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పాను, అడగనివాళ్ళకు కూడా.

మార్తమ్మత్త ఇప్పుడు లేదు. హైదరాబాదు స్టేషనుకు వచ్చాక కూడా, ఎంత పెద్ద గాయకులనైనా నేను మా మాటతోనే అడుగుతున్నాను, ఎక్కడా మార్చలేదు. పోయిన నెల ఒక బ్యాండుతో ముచ్చట అయ్యాక పామూరు నుంచి ఒక పెద్దావిడ ఫోనులో మాట పంపింది. “అమ్మా, రేడియోలో మనోళ్ళ పిల్ల మాట్లాడుతాందని ఇంట్లో అందర్నీ కేకేసి కూర్చోబెట్టినా. ఆ పాటలు మాకేం అర్థం కాలే. నీ మాట మాత్రం అంతా అర్థమయింది.”

అత్తకు వినిపించాలని ప్రాణం కొట్టుకుంది. వింటే ఏమనేదో నాకు తెలుసు. “పాట కూడా అర్థమయ్యేటట్ల అడగలేకపోయినావా కోడలా?”

అడుగుతానత్తా.