బాయిలర్ మేస్త్రి మద్దతు

కాగితం మిల్లులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మేనేజరు దగ్గర్నుంచి గేటు వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన బాయిలర్ మేస్త్రే. ఇరవై రెండేళ్లు యూనియన్ ప్రెసిడెంటుగా ఉన్నాడు. ఏడుసార్లు నిలబడితే, నాలుగుసార్లు పోటీకి మనిషే దొరకలేదు. బాయిలర్ హోరుకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఎవరైనా కష్టం చెప్పుకుంటే కుడి చెవి తిప్పి వినేవాడు. "మేస్త్రి చెవి తిప్పాడంటే పని జరిగినట్టే" అని కార్మికులు నవ్వుకునేవారు.

రిటైరయ్యే ఏడు వచ్చింది. ఆయన తర్వాత ఎవరన్నదానికి పెద్ద చర్చేమీ లేదు. మేస్త్రి తమ్ముడు అదే మిల్లులో గుజ్జు సెక్షన్‌లో చేసేవాడు. పదిహేనేళ్లు అన్న వెంట మీటింగులకు తిరిగాడు, ఫైళ్లు మోశాడు, తిట్లూ తిన్నాడు. నామినేషన్ వేశాడు. అన్న నోటి వెంట ఒక్క మాట వస్తే చాలు, గెలుపు ఖాయం.

ఆ మాటే మేస్త్రి అనలేకపోయాడు.

రెండో నామినేషన్ పాత కాగితాలు ఏరే సెక్షన్ నుంచి వచ్చింది. వేసినామె భర్త తొమ్మిదేళ్ల కిందట బాయిలర్ గదిలో ఆవిరి పైపు పగిలి చనిపోయాడు. ఆ పైపు మార్చమని మేస్త్రి అంతకుముందే మూడుసార్లు రాసిచ్చాడు. అయినా విచారణలో "పనివాడి అజాగ్రత్త" అన్న కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు. పెట్టకపోతే మిల్లు మూతపడుతుందనీ, మూడొందల కుటుంబాలు రోడ్డున పడతాయనీ మేనేజరు చెప్పాడు. మిల్లు నడిచింది. పైపూ మార్చారు. ఆమె మాత్రం ప్రతి మీటింగులోనూ లేచి ఒకే ప్రశ్న అడిగేది: "మా ఆయన చేసిన తప్పేంటి?" ఆమెకి మాత్రం మేస్త్రి కుడి చెవి తిప్పేవాడు కాదు.

ఎన్నికకు వారం ముందు ఆయన ఏరే సెక్షన్‌కి వెళ్లాడు. ఆమె మోకాలిలోతు కాగితాల్లో నిలబడి పుస్తకాల అట్టలు పీకుతోంది.

"అమ్మా, నా మద్దతు నీకిస్తాను," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగలేదు. "నాకొద్దు మేస్త్రిగారూ. మీ మాట మీద గెలిస్తే రేపు మిమ్మల్నే ఏం అడగ్గలను? ఇవ్వాలనుంటే ఆ రోజు ఏం జరిగిందో నలుగురిలో చెప్పండి."

"చెబితే ఇన్నేళ్ల పరువు మట్టిలో కలుస్తుందమ్మా."

"మా ఆయనది కలిసి తొమ్మిదేళ్లయింది."

ఆ సాయంత్రమే తమ్ముణ్ణి కూర్చోబెట్టి, తన మద్దతు అతనికి ఇవ్వలేనని చెప్పాడు. తమ్ముడి మొహం పాలిపోయింది.

"ఇన్నేళ్లు నీ వెనక తిరిగింది ఇందుకా అన్నయ్యా? నేను పనికిరానా?"

"పనికొస్తావురా. నాకే బాగా పనికొస్తావు. నువ్వు ఆ కుర్చీలో ఉంటే ఆ పైపు విచారణ ఫైలు ఎవడూ తియ్యడు. అందుకే నిన్ను వెంట తిప్పుకున్నానేమో అనిపిస్తోంది. సిగ్గేస్తోందిరా."

తమ్ముడు లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆఖరి మీటింగు క్యాంటీన్‌లో జరిగింది. మేస్త్రి మైకు పట్టుకుని నిలబడ్డాడు. పైపు సంగతి చెప్పాడు, సంతకం సంగతి చెప్పాడు. "అతను నన్ను బయటికి తోసి, వాల్వు మూయడానికి మళ్లీ లోపలికెళ్లాడు. నేను బతికొచ్చి అతనిదే తప్పని రాశాను," అన్నాడు.

"తొమ్మిదేళ్లు నోరెందుకు మూసుకున్నావ్?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మీ ఉద్యోగాల కోసమనుకున్నా బాబూ. నా కుర్చీ కోసం కూడానూ."

ఎవరికి ఓటెయ్యాలో చెప్పలేదు. "అడగాల్సింది అడిగినామె నిలబడింది. ఇక మీ ఇష్టం," అని మైకు బల్లమీద పెట్టేశాడు. బయటికొస్తుంటే కొందరు మొహం తిప్పుకున్నారు.

ఆమె పదకొండు ఓట్ల తేడాతో గెలిచింది. తమ్ముడు ఏడాది పాటు అన్న గడప తొక్కలేదు. యూనియన్ పట్టుబట్టి విచారణ మళ్లీ తెరిపించింది. మొదటి సాక్షి మేస్త్రే. విచారణ నివేదికలోంచి "అజాగ్రత్త" అన్న మాట కొట్టేశారు.

ఆ రోజు ఆఫీసు వరండాలో బెంచీ మీద ఆమె ఆయన పక్కనే కూర్చుంది. కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఒక్కటే అడిగింది: "లోపలికెళ్లే ముందు మా ఆయన ఏమైనా అన్నాడా?"

"'మీరు పదండి మేస్త్రీ, ఇదిగో వచ్చేస్తా' అన్నాడమ్మా."

ఆమె తలదించుకుని ఆ మాట విన్నది. తర్వాత కళ్లు తుడుచుకుని, రెండో షిఫ్టు వేళయిందంటూ లేచింది.