చీలమండల దగ్గర రెండు చుక్కలు

ఆ ఊళ్ళో ఏ కూడలిలో ఏ మహానుభావుడు నిలబడినా, దగ్గరికి వెళ్ళి చూస్తే ఎవరో ఒకరి చుట్టంలా ఉండేవాడు. బజారు మొదట్లో పుస్తకం పట్టుకున్న పండితుడికి విగ్రహాలు చేసే ఆయన మామగారి ముక్కు. ఆసుపత్రి ముందున్న దాతకు ఆయన పెద్దమ్మ గడ్డం. గుర్రమెక్కిన వీరుడికైతే అచ్చంగా బావమరిది చెవులే. ఆ బావమరిది అటు వెళ్ళినప్పుడల్లా గుర్రం కింద కాసేపు ఆగి, జుట్టు సర్దుకుని మరీ కదిలేవాడు.

ఆయన కావాలని చేసింది కాదు. ఫొటోలో మొహం మసకగా ఉన్నచోట చేతులు ఆగి ఆలోచించవు. తమకు తెలిసిన దారి పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాయి. మట్టి తడిగా ఉన్నంతసేపు మన మాట వినదని, మనసు మాటే వింటుందని ఆయన చెప్పేవాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చనిపోయినవాళ్ళు వచ్చి పోల్చుకోరు కదా. ఆయనకు మాత్రం ‘చుట్టాలాయన’ అనే పేరు స్థిరపడిపోయింది.

చుట్టాలాయనకు ఒక్కడే కొడుకు. చదువు అయ్యాక సాయంత్రాలు షెడ్డుకు వచ్చి, ఆరబెట్టిన తలల మీద తన టోపీ పెట్టి, పెద్దపెద్ద నాయకుల్ని కాసేపు కుర్రాళ్ళను చేసేవాడు. ఒకరోజు రైలు పట్టాల మీద కొత్తగా కట్టిన నడక వంతెన దాటుతుంటే, వంతెన వాడితో సహా కిందికి వచ్చేసింది. దాన్ని కట్టించిన మంత్రిగారు ఆ ముక్కల పక్కనే నిలబడి, వంతెన మంచిదేనని, గాలే ఎక్కువగా వీచిందని చెప్పాడు. తర్వాత వేసిన విచారణ సంఘం నాలుగు దిక్కులా విచారించి, తప్పు గాలిదేనని తేల్చింది. గాలిని ఎవరూ అరెస్టు చేయలేదు.

ఆ తర్వాత ఇంట్లో తలుపు చప్పుడైతే భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే తలెత్తేవాళ్ళు. గాలి. మళ్ళీ తలలు దించుకునేవాళ్ళు.

అలా తలెత్తీ దించీ, ఒకరోజు చుట్టాలాయన మంత్రిని చంపాలని నిశ్చయించుకున్నాడు. బల్లిని కూడా చీపురుతో అదిలించి ‘వెళ్ళమ్మా’ అని పంపించే మనిషి. అయినా నిశ్చయం నిశ్చయమే. కత్తుల దుకాణానికి వెళ్ళాడు. ఏం కోయడానికని దుకాణదారు అడిగాడు. అబద్ధం ఆడటం అలవాటు లేక, కొంచెం గట్టిదేనన్నాడు. గుమ్మడికాయా అంటే, దాదాపు అన్నాడు. దుకాణదారు మంచి వెడల్పాటిది తీసి, నూరి మరీ ఇచ్చాడు.

మంత్రిగారు జనాన్ని కలిసే రోజున గేటు దగ్గర కాపలావాళ్ళు ఆ కత్తిని తీసుకుని, గొడుగులూ టిఫిన్ డబ్బాలూ పెట్టే అరలో పెట్టి, చేతికి టోకెన్ ఇచ్చారు. ఆయన టోకెన్ జేబులో వేసుకుని వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది. మంత్రి ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, అంతా కులాసాయేనా అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న అలవాటు చొప్పున చుట్టాలాయన నోరు తనంతట తానే తెరుచుకుని, “బాగున్నామండీ” అనేసింది.

టోకెన్ ఇచ్చి, కత్తి తీసుకుని ఇంటికి వచ్చాడు. ఇన్నాళ్ళకు పనికొచ్చే వస్తువు ఒకటి తెచ్చారని భార్య దాన్ని వంటింట్లో పెట్టుకుంది. ఆయన మాత్రం అన్నం ముందు కూర్చుని, కొడుకుని పోగొట్టుకున్నవాడు ‘బాగున్నామండీ’ అన్న ఆ మాటనే నమిలాడు. అది ఎంత నమిలినా మింగుడు పడలేదు.

ఈ సంగతి తెలిసింది బావమరిదికి ఒక్కడికే. అతను వెల్డరు. విగ్రహాల లోపల ఉండే ఇనుప అస్థిపంజరాలు అతని పని. పగ గురించి అతనికున్న జ్ఞానమంతా సినిమాహాలులో సంపాదించింది. మారువేషం వేద్దామన్నాడు. కారును వెంటాడదామన్నాడు. ఇద్దరూ బావగారి స్కూటరు మీద మంత్రి కార్ల వరసను నిజంగానే వెంటాడారు. రెండో మలుపులో పోలీసు ఆపి, హెల్మెట్ లేదని జరిమానా రాసి, వయసు వచ్చాక ఇవేం వేషాలని ఇద్దర్నీ మందలించి పంపించాడు.

అలాంటి రోజుల్లో మంత్రిగారి సెక్రెటరీ షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త కూడలిలో మంత్రిగారి విగ్రహం పెట్టాలి, మంత్రిగారే దాన్ని ఆవిష్కరించుకుంటారు. కాగితాల మీద కంచు విగ్రహం, చేతల్లో మాత్రం ఫైబర్. పైకి కంచులా మెరిస్తే చాలన్నాడు. చుట్టాలాయన మొహం వంక ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు. చూసినా గుర్తుపట్టడానికి, గాలికి పోయినవాళ్ళ తండ్రుల మొహాలు ఎవరు దాచుకుంటారు?

సెక్రెటరీ వెళ్ళాక చుట్టాలాయన చాలాసేపు మట్టి పిసుకుతూ కూర్చున్నాడు. తర్వాత బావమరిదిని పిలిచి తన ఆలోచన చెప్పాడు. తేలిక ఫైబర్ కదా, గుండె దగ్గర నిండా సిమెంటు పోద్దాం. బరువంతా పైనే ఉంటుంది. కాళ్ళలోంచి వచ్చే ఇనుప కడ్డీలను కింది పలకకు చుట్టూ అతకొద్దు, చీలమండ దగ్గర ఒక్కొక్క చుక్క పెట్టు చాలు. వెల్డర్లు దాన్ని టాక్ అంటారు. అసలు అతుకు వేసేదాకా ఇనుము కదలకుండా పట్టుకునే చుక్క. విగ్రహం మీది గుడ్డను మంత్రి లాగుతాడు, చుక్కలు తెగుతాయి, గుండె బరువుతో విగ్రహం ముందుకి వస్తుంది.

“మనల్ని పట్టుకుంటారు కదా బావా.”

“ఎందుకు పట్టుకుంటార్రా, గాలి అంటారు.”

బావమరిది ఈ మాటకు ముగ్ధుడైపోయాడు. ఇంత మంచి ముక్క ఏ సినిమాలోనూ వినలేదన్నాడు.

విగ్రహం ముక్కలు ముక్కలుగా తయారైంది. కాళ్ళు ఒక మూల, మొండెం ఒక మూల, తల బల్ల మీద. చుట్టాలాయన పగతో పని చేశాడు. మంత్రి ఫొటోను ఎదురుగా గోడకు గుచ్చి, దాన్ని తిట్టుకుంటూ మట్టి అద్దాడు. కానీ కళ్ళు పగతో నిండినవాడికి ఫొటో ఎంతవరకు కనబడుతుంది? చేతులు వాటి దారిన అవి వెళ్ళాయి. సెక్రెటరీ వచ్చి బల్ల మీది తలను అటూ ఇటూ తిప్పి చూసి, సార్‌ని ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళావని మెచ్చుకున్నాడు. అచ్చు తీశారు, ఫైబర్ పోశారు, కంచు రంగు వేశారు. రంగు గీసుకుపోకుండా తలకు గోనె చుట్టి, ఆ గోనెతోనే తెచ్చి దిమ్మె మీద నిలబెట్టారు. బావమరిది రెండు చుక్కలు పెట్టాడు. పెట్టాక కూడా లేవలేదు. ఇంకొక్క చుక్క పెట్టనా బావా, మనసు ఒప్పడం లేదు అని గొణిగాడు. బావ చూసిన చూపుకు లేచి గోనె విప్పి, పెద్ద గుడ్డ కప్పేశాడు.

ఆవిష్కరణ రోజున భార్యను రావద్దని చుట్టాలాయన చెప్పి చూశాడు. వినలేదు. ఆ మనిషి మొహం దగ్గర నుంచి ఒకసారి చూడాలంది. జనంలో ముందు వరసలో నిలబడింది.

మంత్రి మాట్లాడాల్సిందంతా మాట్లాడి, గుడ్డ పట్టుకుని లాగాడు. ఎడమకాలి దగ్గర చిటికె వేసినంత చప్పుడైంది. విగ్రహం ఒకసారి ఊగి ఆగింది. కుడికాలి చుక్క ఇంకా పట్టుకునే ఉంది. కెమెరాలవాళ్ళు విగ్రహం కిందికి జరగమంటుంటే మంత్రి నవ్వుతూ జరుగుతున్నాడు.

అప్పుడు చుట్టాలాయన తలెత్తి చూశాడు.

షెడ్డులో ఆ తలను ఎప్పుడూ బల్ల మీద, తన కళ్ళకు సమంగా చూశాడు. కింద నుంచి చూడటం ఇదే మొదలు. పదహారేళ్ళకే తండ్రిని మించి పెరిగిన కొడుకుని ఆయన ఎప్పుడూ ఇలాగే, మెడ పైకెత్తి చూసేవాడు. ఏదో చెప్పబోతూ నవ్వు ఆపుకునేటప్పుడు వాడి పై పెదవి ఒక పక్కకి వెళ్ళేది. ఇక్కడా అలాగే వెళ్ళింది. మంత్రిగారి కోటు తొడుక్కుని, మంత్రిగారి చెయ్యి పైకెత్తి, ఎండలో తళతళలాడుతూ వాడు నిలబడి ఉన్నాడు. మెల్లగా ముందుకు ఒరుగుతున్నాడు.

ఒక్కసారి పడ్డవాడిని మళ్ళీ పడనిస్తాడా.

చుట్టాలాయన జనానికి అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరాడు. ఇద్దరు కాపలావాళ్ళు చొక్కా పట్టుకుంటే చొక్కాను వాళ్ళకే వదిలేశాడు. బనీనుతో దిమ్మె ఎక్కి, మంత్రిని ఒక తోపు తోసి, విగ్రహం కాళ్ళను రెండు చేతులతో వాటేసుకున్నాడు. కుడికాలి దగ్గర కూడా చిటికె చప్పుడైంది. గుండెలోని సిమెంటు బరువంతా ఆయన భుజం మీదికి వచ్చింది.

జనం ఒక క్షణం నోరెళ్ళబెట్టారు. తర్వాత చప్పట్లు మోగాయి. ఇంత అభిమానం ఎవరూ చూడలేదు. తోపు తిన్న మంత్రికి కూడా కళ్ళు చెమర్చాయి. సెక్రెటరీ పరిగెత్తుకొచ్చి, చాలు పెద్దాయనా, సార్ చూశారు, వదలమని చెవిలో చెప్పాడు.

“వదిలితే వాడు పడిపోతాడండీ.”

తన సార్‌ని ‘వాడు’ అన్నందుకు సెక్రెటరీ తెల్లబోయాడు. మంత్రి మాత్రం మైకు తీసుకుని, ఇలాంటివాళ్ళ ప్రేమే తనను నిలబెట్టిందన్నాడు. ఆ క్షణంలో అది అక్షరాలా నిజం. ఆ మైకునే చుట్టాలాయన నోటి ముందు పెట్టి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

ఎన్నో రోజులుగా ఈ మనిషితో అనాల్సిన మాటలన్నీ చుట్టాలాయన గొంతులోకి వచ్చాయి. కానీ భుజం జారుతోంది.

“వెల్డింగ్ మిషను తెప్పించండి సార్. తొందరగా.”

బావమరిది మిషనుతో దిమ్మె ఎక్కాడు. ఫైబర్ కాలకుండా కాళ్ళకు తడి గోనె చుట్టాడు. బావను తప్పించి తాను భుజం పెట్టబోతే బరువు అతనొక్కడికి ఆగలేదు. ఎవరైనా కాళ్ళు పట్టుకోవాలి, ఈసారి అతుకు తానే వేస్తానని చుట్టాలాయన అన్నాడు. కాపలావాళ్ళు ముందుకొచ్చారు. మంత్రి వాళ్ళను ఆపాడు. కెమెరాలన్నీ ఇటే చూస్తున్నాయి. తన విగ్రహానికి తానే చెయ్యి వేస్తే రేపు పేపర్లో ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, దిమ్మె మీద మోకాళ్ళు ఆనించి, విగ్రహం పాదాలను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన వెనక బావమరిది మొండేనికి భుజం ఆనించి నిలబడ్డాడు.

చుట్టాలాయన నల్ల అద్దం ఉన్న ముసుగు దించుకున్నాడు. ఆ ముసుగు వెనక ఏం జరిగినా బయటికి తెలియదు. నీలిరంగు వెలుగు లేచింది. ఎడమకాలి చుట్టూ అతికాడు, కుడికాలి చుట్టూ అతికాడు. అతికినదాన్నే మళ్ళీ అతికాడు. అయిపోయిందా పెద్దాయనా అని మంత్రి అడిగాడు. ఎండకు ఆయన మెడ మీద చెమట కారుతోంది.

“ఇంకొంచెం సార్. వదలకండి.”

భార్య అప్పటికి జనాన్ని తోసుకుంటూ దిమ్మె దగ్గరికి వచ్చింది. మెడ పైకెత్తి విగ్రహాన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు దించి, పాదాలు పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్న మనిషిని అంతే సేపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఇంటికొచ్చిన పనివాడికి జాగ్రత్త చెప్పినట్టే చెప్పింది.

“తల ఇంకొంచెం దించండి. నిప్పురవ్వలు కళ్ళలో పడతాయి.”

మంత్రి తల దించాడు.