పొంగణాల పెనం మీద బెంగుళూరు కబాబ్

పోయిన ఆదివారం మా అమ్మాయి ఒక నల్లటి పెట్టె తెచ్చి మదనపల్లెలోని మా వంటింటి గట్టు మీద పెట్టింది. ఇందులో నూనె చుక్క లేకుండా కోడిమాంసం వేగుతుందనీ, అద్దాల అంగళ్ళలో బకెట్టులో పెట్టి ఇచ్చే ముక్క ఎట్లా కరకరలాడుతుందో అట్లాగే ఉంటుందనీ, గుండెకు మాత్రం ఏ దిగులూ ఉండదనీ చెప్పి స్విచ్చి వేసింది. పెట్టెలో వేడిగాలి గిర్రున తిరుగుతుంటే ఇంటిల్లిపాదీ పురుడు కోసం ఎదురుచూస్తున్నట్టు దాని ముందు కూర్చున్నారు. నాకు నవ్వాగలేదు. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒకప్పుడు పుంగనూరులో మా అక్కవాళ్ళ వంటింటి కిటికీలోంచి తొంగిచూసి పోయినవాడే అయి ఉండాలని నా గట్టి నమ్మకం. ఆ మాటే అన్నాను. నా మాటల్లో సగం కోతలేనని మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు. సెల్‌ఫోను లేని కాలాన్ని ఎరిగిన నా ఈడువాళ్ళు మీరైనా వింటారని చెబుతున్నాను.

అప్పుడు నాకు అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు పని కొత్తగా దొరికింది. మా పల్లె తంబళ్లపల్లె వైపు, వేరుశనక్కాయలు తప్ప ఇంకేదీ పండించనని మొండికేసిన మెట్టనేల. అక్కడి నుంచి రోజూ తిరగలేక పుంగనూరులో అక్కవాళ్ళింట్లో మకాం పెట్టాను. ఇంట్లో అక్క, బావ, బావ వాళ్ళమ్మ. ఆవిడ నాకు వరసకు అత్త. నోట్లో పళ్ళు లేకపోయినా మాటకు మాత్రం పదును తగ్గని మనిషి.

బావ ప్రభుత్వ బస్సు డ్రైవరు. మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయి రావడం ఆయన డ్యూటీ. ఆయన స్టీరింగు పట్టుకుంటే బస్సు గుంతలను చూసి తనే పక్కకు తప్పుకునేదని నేను మా కాలేజీలో చెప్పేవాణ్ణి. రామకుప్పం దగ్గర ఒకసారి అడవిలోంచి దిగిన ఏనుగు రోడ్డుకు అడ్డంగా నిలబడితే, బావ హారను కొట్టకుండా కిటికీలోంచి తల బయట పెట్టి మర్యాదగా అడిగితే అది దారి ఇచ్చిందనీ, పోతూపోతూ తొండం ఎత్తి నమస్కారం పెట్టిందనీ కూడా చెప్పాను. ఏనుగు నిలబడిన మాట నిజం. మిగతాది నా చేతిచలవ.

అంత మనిషికీ ఒక్కటే బలహీనత. సాయంత్రం డ్యూటీ దిగగానే పుంగనూరు బస్టాండు దగ్గర బండి మీద వేగే కబాబ్. మనవైపు కబాబ్ అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎర్రగా రంగు పులిమిన కోడిముక్కల్ని మైదాలో ముంచి, నల్లబడిన నూనెలో వేస్తే చుయ్యిమని లేచే ఆ వాసన పాడుగాను, ఎంతటి నిగ్రహం ఉన్నవాణ్ణయినా చొక్కా పట్టుకుని లాక్కుపోయేది. బండాయన మంచివాడే, బావను చూడగానే ముక్కలు బాండలిలోకి జారవిడిచేవాడు. తప్పు నూనెది.

ఆ ఏడు డ్రైవర్లకు చేసే డాక్టరు పరీక్షలో బావకు రక్తపోటు, బరువు రెండూ హద్దు దాటాయి. మూడు నెలలు గడువిచ్చి, అప్పటికీ దిగకపోతే స్టీరింగు మీద నుంచి దించి గ్యారేజీలో తేలిక పనికి వేస్తామన్నారు. ఆ మాట విన్న రోజు బావ ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంటూ ఉండిపోయాడు. జీవితమంతా గుండ్రటి చక్రాన్ని పట్టుకున్న చేతులకు స్పానరు ఇస్తామంటే ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. అయినా మరుసటి సాయంత్రమే ఆయన ఒంటి మీద కబాబ్ వాసన వచ్చింది. అక్క ముఖం తిప్పుకుంది. నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అంది.

"వద్దంటే ఆయన మానడురా అబ్బోడా. బండి మీదిది ఎట్లుంటాదో అట్లే ఇంట్లో చేయాల. నూనె మాత్రం ఉండకూడదు."

నూనె లేకుండా దేంట్లో వేయించగలమని ఇద్దరం ఇల్లంతా వెతికితే, అటక మీద గుంతపొంగణాల పెనం కనబడింది. గుంతకు ఒక చుక్క నూనె పూస్తే చాలు, మూత పెడితే లోపల ఉడుకుతుంది, కడ్డీతో తిప్పితే రెండువైపులా ఎర్రబడుతుంది. ఎముకలేని మాంసం చిన్నగా కొట్టి, పెరుగులో, అల్లం వెల్లుల్లిలో నానబెట్టి, మైదా బదులు రాగిపిండి కలిపి గుంతల్లో వేశాం. దించి చూస్తే అది కబాబ్ కాదు, మాంసం మింగిన రాగిసంగటి. అత్త ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"బాగుండాదిమ్మే. ఇంక సంగటికి పులుసు వేరే ఎందుకు, ముద్దలోనే కోడి కాపురముండాది," అంది.

రంగు సమస్యను మాత్రం అక్క సునాయాసంగా తీర్చింది. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజులవి. అక్క గంపెడు తెచ్చి, చక్రాలుగా కోసి మిద్దె మీద ఎండేసి, ఆ వరుగుల్ని పొడి కొట్టింది. ఆ పొడి పట్టిస్తే ముక్క బండి కబాబ్‌కు చెల్లెల్లాగా ఎర్రబడింది. పైగా దాని పులుపు వల్ల ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు తెలియదు. ఇంక కావలసింది కరకర. అప్పుడు నాకు మా నేల గుర్తొచ్చింది. మా ఇంటి నుంచి వచ్చిన వేరుశనగ విత్తనాలు మూటెడు ఉన్నాయి కదా, వాటిని దోరగా వేయించి బరకగా దంచి ముక్కలకు అద్దుదామన్నాను. అద్దాం. అబ్బ, ఆ రుచి. ఆ వాసనకు పక్కవీధి కుక్కలన్నీ మా గుమ్మం ముందు క్యూ కట్టాయని చెప్పగలను గానీ, నాలుగు కుక్కలు వచ్చిన మాటే నిజం.

అయితే ఇంట్లో చేసిందని తెలిస్తే బావ ముట్టడు. డాక్టరు మాట విని పెట్టే తిండిని ఆయన మందుకూడు అనేవాడు. అందుకని నేనొక కథ అల్లాను. కాలేజీలో నాతో పనిచేసే అతని తమ్ముడు బెంగుళూరులో పెద్ద కబాబ్ అంగడి పెట్టాడనీ, అక్కడ సినిమావాళ్ళు కూడా వరసలో నిలబడతారనీ, ముళబాగిలు మీదుగా వచ్చే సాయంత్రం బస్సులో నాకోసం పార్శిలు పంపుతున్నాడనీ చెప్పి, ఆకులో చుట్టి, పురికొసతో కట్టి, పొట్లం ఆయన చేతిలో పెట్టాను. బావ ఒకటి తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, ఇంకొకటి తిన్నాడు.

"ఏం బామ్మర్దీ, ఈ అంగడాయనకి పెండ్లయ్యిందా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన సాయంత్రాలు నేరుగా ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం కుప్పంలో తినడానికి కూడా పాత పేపరులో చుట్టి డబ్బాలో పెట్టించుకుని పోయేవాడు. రోజూ ఆ అంగడి కబుర్లు అడిగేవాడు. నేనేమైనా తక్కువ తిన్నానా, రోజుకొక అంతస్తు లేపుతూ పోయాను. నెల తిరిగేసరికి ఆ అంగడికి మూడు వీధుల్లో బ్రాంచీలు, తలపాగా పెట్టుకున్న కాపలావాడు, కోళ్ళకు వీణపాట వినిపించే ఒక పంతులు కూడా ఏర్పడ్డారు.

ఆ నెల చివర బావ బస్టాండులో తూకం మిషను ఎక్కి వచ్చి చీటీ అక్క చేతికిచ్చాడు. బరువు తగ్గలేదు. పెరిగింది. అక్క ముఖం పాలిపోయింది. ఏం తప్పు చేశామో మాకు అంతుపట్టలేదు. నూనె సీసా చూస్తే పెట్టినచోటే, పెట్టినంతే ఉంది. ఉప్పు తక్కువే. మైదా ఇంట్లోకే రాలేదు. బావ మాత్రం డబ్బా కడిగేయమని ఇస్తూ, ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే అన్నాడు.

"ఈ కబాబ్ చుట్టిన పేపర్ సూడు బామ్మర్దీ. ఈ పక్క రాజకీయం, ఆ పక్క సినిమా, రెండూ ఒక్కసారే సదవొచ్చు."

అక్క, నేను ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాం. నూనెతో తడిసి అద్దంలా ఉంది. అప్పుడు గానీ మాకు బుద్ధి రాలేదు. నూనె అంటే సీసాలో ఉండేది, వేరుశనక్కాయ అంటే మన సొంత మనిషి, దానివల్ల మనకు చెడు జరగదు అనుకోవడం మా మెట్టప్రాంతం వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయగలిగిన పొరపాటు కాదు. గానుగలో ఆడించి నూనె తీసేది దాని నుంచేనన్న సంగతి, చిన్నప్పటి నుంచి గానుగ చుట్టూ తిరిగి పెరిగిన మా ఇద్దరికీ తట్టలేదు. చుక్క నూనెకు లెక్క చూసుకుంటూ, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు నూనెనే ముక్కలకు అద్దాం. అత్త ఆ పొడిని గుప్పిట్లో పట్టి పిండి, చేతికి అంటిన జిడ్డును తల మీద రాసుకుంటూ, ఈ ఇంట్లో ఇంక తలకు నూనె కొనే పనిలేదంది.

గడువు కరిగిపోతోంది. ఈసారి అక్క ఎవరి సలహా అడగలేదు, ముఖ్యంగా నాది. సంతలో బొరుగులు, అదే మరమరాలు, తెచ్చి, కరకరలాడేదాకా ఎండబెట్టి, చేత్తోనే నలిపింది. పెరుగు వడకట్టి, టమోటా వరుగుల పొడి, మిరియాలు, నిమ్మరసం కలిపి, ముక్కల్ని ఆ బొరుగుల నూకలో దొర్లించి పెనంలో వేసింది. మూత తీసేసరికి పైన పెళుసుగా, లోపల మెత్తగా, గుండ్రంగా, ఎర్రగా, ఒక్కొక్కటీ తాంబాళంలో పెట్టి పూజ చేసుకునేలా ఉంది. గింజ మారింది కాబట్టి రుచి కూడా మారింది కదా, నేను బెంగుళూరు అంగడిలో వంటవాణ్ణి మార్చేశాను. పాతవాడు దుబాయి పోయాడనీ, కొత్తవాడు మైసూరు రాజుగారి వంటింట్లో పనిచేసినవాడి మనవడనీ చెప్పాను. బావ తలాడించి, చెయ్యి అంటే మనవడిదే చెయ్యి అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఫోన్లు లేని కాలం కదా, ఒక ఏర్పాటు చేసుకున్నాం. మదనపల్లెలో డాక్టరు సరేనంటే బావ అక్కడి నుంచే మధ్యాహ్నం సర్వీసు తనే తీసుకుని కుప్పం పోతాడు, మా వీధి మలుపు దగ్గర హారను కొడతాడు. కాదంటే ఏదో ఒక బస్సులో టికెట్టు కొనుక్కుని వచ్చి దిగుతాడు. నేను సెలవు పెట్టాను. అక్క పొద్దున్నుంచీ పొయ్యి వెలిగించలేదు. మలుపు వైపు చెవి పెట్టి, గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోందని నేను చూసి కూడా చూడనట్టు ఉన్నాను. మధ్యాహ్నం బస్సు వేళయింది. బస్సు చప్పుడు వినబడింది, దగ్గరికొచ్చింది, మలుపు తిరిగింది, హారను లేకుండా వెళ్ళిపోయింది. అక్క చాట పక్కన పెట్టేసింది. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. బెంగుళూరులో మూడు బ్రాంచీలు కట్టిన నేను ఆ చాట అందుకుని, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరడం మొదలుపెట్టాను.

కాసేపటికి ఇంకో బస్సు. హారను మొదలయింది. మామూలు హారను కాదు, మలుపుకు ముందే ఎత్తుకుని, వీధి పొడవునా సాగి, అవతల చెరువు కట్ట దాకా వినబడింది. ముందు పోయింది పలమనేరు వరకే పోయే బండి, మాకు ఆత్రంలో వేళ తెలియలేదు. అక్క లేచి వీధిలోకి పరుగెత్తలేదు, ఏడవలేదు. నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించి, అప్పటిదాకా ఎవరం ఏమీ తినలేదని గుర్తొచ్చినట్టు నాకూ అత్తకూ అన్నం వండి పెట్టింది. ఆ అన్నంలోకి ఉన్నది చారు మాత్రమే. అంత రుచైన భోజనం నేను ఇప్పటిదాకా తినలేదు, ఇది కోత కాదు.

చీకటి పడ్డాక బావ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, కబాబ్ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని దీపానికి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బామ్మర్దీ, బెంగుళూరు బస్సు డ్రైవరు నాతో కలిసి టీ తాగేవాడే. నీ పార్శిలు సంగతి మొదటి రోజే అడిగినా. పోనీ అది ఇడువు. ఆ అంగడాయన కోడిని పొంగణం మాదిరి గుండ్రంగా ఎట్ల పుట్టిస్తాండాడో, అది సెప్పప్పా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావని నేను అడిగితే, బావ తింటూనే జవాబు చెప్పాడు.

"ఇంట్లో చేసిందంటే రెండో రోజే మానేసేవాణ్ణి. నువ్వు రోజూ అంతంత కష్టపడి కథ తెస్తాంటే ఎట్ల మానేది? రాజుగారి వంటోడి మనవడికి ఏమైందో తెలుసుకోవద్దా?"

బావ పదవీ విరమణ రోజు దాకా స్టీరింగు వదలలేదు. చివరి ట్రిప్పు కూడా కుప్పానికే. ఇప్పుడు మదనపల్లెలోనూ, పుంగనూరులోనూ, కుప్పంలోనూ చల్లగాలి వచ్చే అద్దాల అంగళ్ళు వచ్చాయి. ఇంట్లో వండుకునేవాళ్ళకు ఫోనులో ఎవరో ఒకరు గరిటె పట్టుకుని గ్రాముతో సహా చెబుతారు. ఏ ముక్కలో ఎంత కొవ్వుందో పొట్లం మీదే అచ్చువేసి ఉంటుంది. మంచిదే, వేరుశనగను నమ్మి మోసపోయే అవస్థ ఎవరికీ లేదు. కానీ ఒకడి చేత నాలుగు ముక్కలు మంచి తిండి తినిపించడానికి ఇంకొకడు ఒక ఊరినే కట్టి, ఆ తినేవాడు అన్నీ తెలిసి కూడా అందులో కాపురం ఉండటానికి ఒప్పుకున్న రోజులు మాత్రం ఏ పొట్లంలోనూ రావు. ఈమధ్య నాకూ రక్తపోటు ఉందని డాక్టరు చెప్పాడు. మా ఇంట్లో అందరూ ఉన్నదున్నట్టు నిజమే చెప్పి, ఉప్పులేని కూర ముందు పెడుతున్నారు. తింటున్నాను గానీ, ఎవరైనా ఒక చిన్న అబద్ధం కలిపి వడ్డిస్తే ఇంకో ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.