మెచ్చుకుంటే చెడిపోయే పనితనం

మా బాబాయి విగ్గులు చేస్తాడు. ఎవరెవరికి చేశాడో పిన్నికి కూడా చెప్పడు. కిటికీకి పరదా వేసుకుని, పాత చదరంగం బోర్డు మీద నిలబెట్టిన చెక్కతల ముందు కూర్చుని, సన్నటి వలలోకి ఒక్కో వెంట్రుకనీ కొక్కెం సూదితో లాగి ముడి వేస్తుంటాడు. ఆ సమయంలో ఎవరు తుమ్మినా గెంటేస్తాడు. సొంత అన్న కూతుర్నని నన్నూ వదల్లేదు.

"ఇంత పనితనం ఉండి ఏం లాభమండీ? ఒక్కరైనా బాగుందన్నారా?" అని పిన్ని సణుగుడు.

"బాగుందని ఎవడైనా అన్నాడంటే విగ్గని తెలిసిపోయినట్టే. అప్పుడు నా పని చెడినట్టే కదటే," అనేవాడు బాబాయి.

ఎంతైనా మనిషే కదా. పక్కింటి ఫొటోగ్రాఫరుని జనం పొగుడుతుంటే మొహం చిన్నబుచ్చుకునేవాడు. నాకు జాలేసేది.

మా పెదనాన్న సంగతి వేరు. జేబులో దువ్వెన లేందే గడప దాటడు. "మా వంశంలో బట్టతల అన్నది లేదు. వీడేమో బోడిగుండ్లని నమ్ముకుని బతుకుతున్నాడు!" అని తమ్ముణ్ణి చూపించి నలుగురిలో నవ్వేవాడు. బాబాయి కిక్కురుమనేవాడు కాదు. పైగా నెలకోసారి పెట్టె చంకన పెట్టుకుని ఆయనింటికే చదరంగం ఆడడానికి పోయేవాడు. ఇద్దరూ గది గొళ్ళెం పెట్టుకుని మరీ ఆడేవారు, ఏకాగ్రత కోసమట. నాకు ఒళ్ళు మండేది.

చివరికి పిన్ని ఉండబట్టలేక ఫోనులో బాబాయి విగ్గులకి ఒక పేజీ తెరిచింది. అన్నీ చెక్కతల ఫొటోలే. "ఇందులో ఎవరి గుట్టు రట్టవుతుంది చెప్పండి?" అంది.

రోజులు గడిచినా ఒక్క లైకూ రాలేదు. ఎలా వస్తుంది? ఆ పేజీని మెచ్చుకోవడమంటే ఎవరి గుండు వాళ్ళు చూపించుకోవడమే.

బాబాయి విగ్గు పెట్టుకునే మా ఊరి స్కూలు హెడ్మాస్టరు గారొక్కరే ఆగలేకపోయారు. కృతజ్ఞత పొంగి, ఎవరు చూస్తారులే అనుకుని లైకు కొట్టారు. ఫోను ఊరుకుంటుందా? "మీ మిత్రుడు హెడ్మాస్టరు గారికి ఈ విగ్గుల పేజీ నచ్చింది, మీకూ నచ్చవచ్చు" అని ఆయన్నెరిగిన టీచర్లకీ, పిల్లల తల్లిదండ్రులకీ చాటింపేసింది.

మర్నాడు స్కూల్లో ప్రతి టీచరూ ఆయన నుదుటి పైభాగానికే నమస్కారం పెట్టారు. పిల్లలు ఫ్యాను స్పీడు పెంచి చూశారు. డ్రిల్లు మాస్టరైతే "గాలి బాగా వీస్తోంది సార్, మైదానంలోకి రండి" అన్నాడట. సాయంత్రం ఆయన హెల్మెట్ తీయకుండానే వచ్చి బాబాయి ముందు కూలబడ్డారు.

"ఎల్లుండి వార్షికోత్సవం. స్టేజీ ఎక్కితే అందరూ నా తలే చూస్తారు. నేనెక్కను. ఉద్యోగానికే దణ్ణం పెట్టేస్తాను."

లైకు తీసేశారట. కానీ ఈలోగా ఎవడో ఆ చాటింపుని ఫొటో తీసి ఊరంతా పంచాడు.

బాబాయి మొహం పాలిపోయింది. గుట్టు కాపాడతానన్న మాటే ఆయన పెట్టుబడి. అది పోతే ఇంకెవరూ ఆ గడప తొక్కరు. చెక్కతల వైపు ఒకసారి చూసి, లేచాడు.

"నల్లజుట్టులో ఒక్క తెల్ల వెంట్రుకుంటే అందరి కళ్ళూ దాని మీదే. తలంతా తెల్లబడితే ఏది ఎప్పుడు తెల్లబడిందో ఎవడు చూస్తాడు? ఊరందరిచేతా లైకు కొట్టిద్దాం."

"కొండకి వెంట్రుక కట్టి లాగుదాం. వస్తే కొండ, పోతే వెంట్రుక," అంది పిన్ని హుషారుగా.

హెడ్మాస్టరు గారు రెండు చేతులా హెల్మెట్ పట్టుకుని, "పోయే వెంట్రుక నాదమ్మా!" అన్నారు.

పిన్ని ఫోను పట్టింది. అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళు, మరదళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, ఎవర్నీ వదల్లేదు. నడుం దాటిన జడున్న నేనూ కొట్టాను. "నా పొట్ట నేనే కొట్టుకోవాలా అమ్మా?" అని ఏడుస్తూనే మంగలీ కొట్టాడు. పెదనాన్ననొక్కణ్ణీ అడగొద్దన్నాడు బాబాయి. అడిగితే నవ్వుతాడని మేమూ ఊరుకున్నాం.

రెండ్రోజుల్లో ఊళ్ళో ఎవరి జుట్టు మీదా ఎవరికీ నమ్మకం లేకుండా పోయింది. ప్రేమగా తల నిమిరేవాళ్ళు ఎక్కువయ్యారు. నా జడ ముగ్గురు లాగి చూశారు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వార్షికోత్సవంలో హెడ్మాస్టరు గారు దర్జాగా స్టేజీ ఎక్కి మాట్లాడారు. ఆయన తల ఎవరూ చూళ్ళేదు. అందరూ పక్కవాళ్ళ తలలు చూస్తూ కూర్చున్నారు. డ్రిల్లు మాస్టరు తల మరీను, ఎందుకంటే వాళ్ళావిడ లైకు కొట్టింది.

మర్నాడు బాబాయి ఫోను తీసి లైకులు చూశాడు. పిన్ని అడిగినవాళ్ళ కంటే చాలామంది ఉన్నారు. గుంపులో గోవిందా అన్న ధైర్యంతో, ఎవరూ అడక్కుండానే కొట్టినవాళ్ళు వాళ్ళంతా. ఒక్కో పేరు దగ్గరా ఆగి నవ్వుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళకి ఆయన్ని మెచ్చుకున్నారు.

"వీళ్ళలో మీ విగ్గు పెట్టుకున్నవాళ్ళెవరండీ?" అంది పిన్ని ఆశగా.

"నాకేం తెలుసు?" అన్నాడు బాబాయి.

నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను. అట్టడుగున పెదనాన్న పేరుంది. నేను నోరు తెరిచేలోగా బాబాయి ఫోను బోర్లించి, పెట్టె చంకన పెట్టుకుని, చదరంగం ఆడొస్తానంటూ బయల్దేరాడు.

చదరంగం బోర్డు ఎప్పట్లాగే చెక్కతల కింద ఉంది.