గాలి మీదకు నెట్టేసిన మాట

మీతో ఒక మాట చెప్పాలి. ఆ మాట నాది కూడా కాదు. నా బావమరిది సముద్రం మీద నన్ను చూసి అరిచిన మాట. యార్డులో హమాలీలు మిర్చి టిక్కీ, అదే బస్తా, ఎంత బరువున్నా ఎక్కడో ఒకచోట దించుతారు. నేను ఈ ఒక్క మాటను ఇన్నేళ్ళుగా దించలేదు. చోటు దొరక్క కాదు. దించితే నేనేమిటో తెలిసిపోతుందని.

నాది గుంటూరులో మిర్చి వ్యాపారం. నా భార్య తమ్ముణ్ణి ఇంట్లో అందరూ చిన్నా అంటారు. వాడు పత్తి వేస్తే తీతల వేళకి వాన పడేది. మిర్చి వేస్తే తామరపురుగు తినేసేది. మా మామగారు పదిమందిలో వాణ్ణి నిలబెట్టి, "మా అల్లుణ్ణి చూసి నేర్చుకోరా" అనేవారు. "పోనీలెండి మామయ్యగారూ, వాడేం చేస్తాడు పాపం" అని నేను వెనకేసుకొచ్చేవాణ్ణి. ఎంత మంచి బావనో! బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. బావమరిది బతుకు కోరే బావ మీద సామెత ఎందుకు పుట్టలేదో నాకు తర్వాత తెలిసింది.

చీరాల అవతల సముద్రపు ఒడ్డున కొందరం కలిసి తెరచాప పడవల క్లబ్బు పెట్టుకున్నాం. ఆదివారాల సరదా. పడవ నేనే కొన్నాను. దాన్ని నడపడానికి ఇద్దరు కావాలి కాబట్టి చిన్నాను తీసుకెళ్ళాను. మొదట్లో చుక్కాని నాది, తెరచాపను లాగి పట్టే తాడు వాడిది. కొన్నాళ్ళకే క్లబ్బులో అందరూ, మర్యాదగానే, చుక్కాని వాడికిచ్చి చూడమన్నారు. ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను.

వాడికి గాలి రాకముందే తెలిసేది. ఎలా తెలుస్తుందిరా అంటే, చెప్పడం రాదు బావా అనేవాడు. పొలంలో తలొంచుకు తిరిగే మనిషి నీళ్ళ మీద తలెత్తేవాడు. "బావా, లాగు", "బావా, వదులు" అని నాకే పనులు చెప్పేవాడు. నా పడవలో నేను కూలీనయ్యాను. ఒడ్డుకు వచ్చాక మాత్రం పరుగున వెళ్ళి నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టేవాడు. అది నన్ను ఇంకా మండించేది.

అది అసూయ అని నాకు నేను చెప్పుకోలేదు. వాడంటే నాకు ప్రేమ అనుకున్నాను. ప్రేమే. వాడు ఓడిపోతున్నంత కాలం ప్రేమే. వాడు ఒక్క విషయంలో, బతుకు మొత్తంలో ఒకే ఒక్క విషయంలో, నాకంటే మెరుగని తెలిసేసరికి ఆ ప్రేమ ఎటుపోయింది? అసలు ఉండేదా? ఏమో. ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆ ఏడాది క్లబ్బు పందేనికి, పడవ నడపడం నేర్పే ఒక బడి నుంచి ఒకాయన వచ్చారు. బాగా నడిపినవాళ్ళను నేర్పే ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. ఆయన కళ్ళు మొదటినుంచీ చిన్నా మీదే ఉన్నాయి. మామగారు కూడా వచ్చారు. కొడుకు గెలిచేది చూడటానికి ఆయన ఎక్కడికైనా రావడం అదే మొదలు.

చివరి మలుపు దాటేసరికి మేమే ముందున్నాం. ఉన్నట్టుండి గాలి బలంగా కొట్టింది. పడవ ఒక పక్కకు వాలింది. ఇద్దరం రెండో పక్క అంచు మీద నడుములు బయటికి వేసి పడుకున్నట్టు వంగాం. తాడు నా అరచేతులను కోస్తోంది. వాడు అరిచాడు.

"బావా, వదలొద్దు!"

మన భాషలో వద్దనడం మాట చివర వస్తుంది. గాలికి ఆ చివర ఎగిరిపోతే మిగిలేది వదలమనే. తాడు వదిలేశాక ఈ ఆలోచన వచ్చిందని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. ముందే వచ్చింది. వచ్చాకే వదిలాను.

తెరచాపలో గాలి ఒక్కసారిగా ఖాళీ అయింది. మా బరువుకు పడవ మా వైపే తిరగబడింది. మేమిద్దరం నీళ్ళలో ఉండగా వెనక పడవలన్నీ మమ్మల్ని దాటిపోయాయి.

ఒడ్డున, అందరి ముందు, వాడు రొప్పుతూ అడిగాడు. "ఏంది బావా, వదిలేశావ్?"

"నువ్వే కదరా వదులన్నావ్?"

"వదలొద్దన్నా బావా."

"నాకు వదులనే వినపడింది."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. చివరికి వాడే తలొంచుకున్నాడు. "అయితే నేనే సరిగ్గా అనలేదేమోలే బావా" అన్నాడు.

బడి ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నారు. పిల్లలకు నేర్పేవాడి మాట తేటగా ఉండాలి కదండీ అన్నారు, మెల్లగానే. మామగారు ఇసుక దులుపుకుని లేచి, "నీళ్ళ మీద కూడా ఇంతేనంట్రా నువ్వు?" అన్నారు. నేను చిన్నా భుజం మీద చెయ్యి వేశాను. "పోనీలెండి మామయ్యగారూ, వాడేం చేస్తాడు పాపం" అన్నాను. ఆ మాట అంటుంటే నాకు హాయిగా ఉండింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా హాయిగా ఉండింది.

వాడు మళ్ళీ పడవ ఎక్కలేదు. ఇప్పుడు నా కొట్లోనే పనిచేస్తున్నాడు. పని ఇప్పించింది నేనే, అందుకూ ఇంట్లో నాకే మంచిపేరు. వాడికి ఒక అలవాటు పట్టుకుంది. ఏ మాటైనా రెండేసిసార్లు చెబుతాడు. చెప్పి, "ఇనపడిందా?" అని అడుగుతాడు. హమాలీలు వాణ్ణి వెక్కిరిస్తారు. మా ఆవిడ కూడా నవ్వుతుంది. మొన్న లారీ మీద టిక్కీలకు తాడు బిగిస్తుంటే కింద నుంచి వాడి కేక. "పట్టుకో! పట్టుకునే ఉండు! ఇనపడిందా?" వదలొద్దు అనే మాటను వాడు పూర్తిగా మానేశాడు. అది ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

ఇంత రాసినవాణ్ణి వాడికే చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెబితే వాడు నవ్వేసి ఊరుకుంటాడు, నాకు తెలుసు. ఆ తర్వాత వెళ్ళి మళ్ళీ చుక్కాని పడతాడు. మళ్ళీ తలెత్తుతాడు. అది చూసి ఓర్చుకోగలనా? ఈ వాక్యం రాస్తూ కూడా అవునని రాయలేకపోతున్నాను. అందుకే వాడికి కాక మీకు చెబుతున్నాను.

వాడు సరిగ్గానే అన్నాడు. వదలొద్దనే అన్నాడు. నాకు వినపడింది. చివరిదాకా వినపడింది.